మా ఇంటి మీద లేని స్టార్

నేను నర్సును. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీలు చేసీ చేసీ జుట్టు నెరిసింది. ఎంతమంది కళ్లు మూశానో లెక్కలేదు. వాళ్లలో ఒక్కరు కూడా లేచొచ్చి నన్ను మంచినీళ్లు అడగలేదు. లిఫ్టులో ఎవరో ఏడుస్తున్నారని ఆయాలు కథలు చెబితే, ముందు ఫోన్లు పక్కన పడేసి కడుపునిండా నిద్రపోండమ్మా అని కసిరేదాన్ని.

పైగా మేము క్రైస్తవులం. పోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తారని, కడబూర మోగేదాకా లేవరని సండే స్కూల్లోనే నేర్పారు. దయ్యాల విషయంలో నా చదువూ నా చర్చీ ఒకే మాట చెప్పాయి. ఇవాళ్టికీ నేను దయ్యాలను నమ్మను. కానీ ఒక్క సంగతి మాత్రం గొంతులో చేపముల్లులాగా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. రాస్తే అయినా కదులుతుందేమోనని రాస్తున్నా.

మాది వరంగల్, మట్టెవాడ. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ సువార్తమ్మ కుట్టుమిషను తొక్కి నన్నూ తమ్ముడు ప్రేమ్‌నూ పెంచింది. పెళ్లయిన కొన్నేళ్లకే నా భర్త పోతే నేను మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చేశాను. చర్చిలో సగం మంది బట్టలు అమ్మే కుట్టేది. డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో కాలు పెట్టే సందు ఉండేది కాదు. తెల్ల చీరల మీదికి జాకెట్లు, పిల్లల ఫ్రాకులు, క్రిస్మస్ నాటకంలో దేవదూతలకు రెక్కలు. మంచం మీద గొర్రెల కాపరుల అంగీలు, మంచం కింద జ్ఞానుల కిరీటాలు. మేము గోడవారన ముడుచుకుని పడుకునేవాళ్లం.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటాం, అందులో మొదటి ఆదివారం ఆరాధనలో మొదటి కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ సాయంత్రానికల్లా ప్రతి ఇంటి మీదా స్టార్ ఎక్కాలి. క్యారల్స్ బండి సందుల్లోకి వచ్చినప్పుడు ఎవరిల్లు ఎక్కడని ఎవరినీ అడగరు. స్టార్ వెలిగే ఇంటి ముందు బండి ఆగుతుంది, పాట పాడుతారు, ప్రార్థన చేస్తారు, టీ తాగి వెళ్తారు. ఆ ఏడాది చావు జరిగిన ఇంటివాళ్లు మాత్రం స్టార్ కట్టరు. అలాంటి ఇంటి ముందు బండి పాట ఆపేసి మెల్లగా దాటిపోతుంది. ఏడుస్తున్న ఇంటి దగ్గర డప్పులెందుకని. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అందరికీ తెలిసిందే.

మా ఇంటి స్టార్ అమ్మ చేసిందే. వెదురు బద్దలు కట్టి, గాలిపటం కాగితం అతికించి, లోపల బల్బు పెట్టింది. ఏటా దాన్నే కట్టేవాళ్లం. ఒక ఏడాది కోతులు వచ్చి ఒక రెక్కను చింపిపోయాయి. ఆ చినుగు మీద అమ్మ ఒక గులాబీ రంగు సాటిన్ ముక్క పెట్టి చుట్టూ చేతికుట్టు వేసింది. చర్చి కమిటీ సెక్రటరీ దేవదానం సార్ కూతురు గ్రేస్‌కు ఆ క్రిస్మస్‌కు కుట్టిన ఫ్రాకులో మిగిలిన ముక్క అది. సార్ క్యారల్స్‌కు వచ్చినప్పుడల్లా అమ్మ పైకి చూపించి, "మీ గ్రేస్ మా ఇంటి మీదనే ఉన్నది సార్" అని నవ్వేది. సార్ కూడా నవ్వేవాడు. గవ్వలు రెండోసారి పెట్టించుకుని తినేవాడు. అట్లాంటి మనిషే తర్వాత ఏం చేశాడో చెప్తాను.

ప్రేమ్ ఎలక్ట్రీషియన్. మరిపెడ దగ్గర ఒక ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాళ్ల అమ్మాయి రజిత, ఇక్కడ బట్టల షాపులో పనిచేసేది. ఇద్దరూ ఇష్టపడి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. రజిత వాళ్లు హిందువులు. అమ్మకు ఏ ఫికరూ లేదు. ఆదివారం వస్తే కోడలిని వెంటబెట్టుకుని వెళ్లి చివరి వరసలో కూర్చోబెట్టేది. రజిత పాటల పుస్తకం పట్టుకుని బుద్ధిగా కూర్చునేది.

కమిటీకి అది కంటగింపయింది. దేవదానం సార్ ఇద్దరు పెద్దలను వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు.

"సువార్తక్కా, కోడలికి బాప్తిస్మం ఇప్పియ్యి. మాట అయిపోతది" అన్నాడు.

"ఇప్పిచ్చుడేంది సార్? బియ్యమా, నేను నానబెట్టనీకి? ఆమెకు మనసున పడ్డనాడు ఆమెనే అడుగుతది" అంది అమ్మ.

"సంఘానికి ఒక కట్టుబాటు ఉంటది అక్కా."

"కమిటీ కోసం నీళ్లల్ల మునిగితే బట్టలు తడుస్తయి సార్, మనసు తడ్వది."

సార్ ముఖం మాడిపోయింది. టీ ముట్టకుండా లేచిపోయాడు. ఆ నెలలోనే మా కుటుంబాన్ని క్రమశిక్షణ కింద పెడుతున్నామని ఆరాధన చివర్లో ప్రకటించారు. అమ్మకు ప్రభురాత్రి భోజనం, ఆరాధనలో ఇచ్చే ఆ రొట్టే ద్రాక్షరసం, బంద్. కుట్టుకు బట్టలు రావడం బంద్. అమ్మ కుట్టిన జాకెట్లే వేసుకుని వచ్చిన ఆడవాళ్లు అమ్మను చూసి తల తిప్పుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. వేరే చర్చికి పోదామని ఎంత మొత్తుకున్నా అమ్మ వినలేదు. నా మందిరం ఇదే బిడ్డా, నేనెక్కడికి పోవాలె అనేది.

ఆ డిసెంబర్‌లో అమ్మ ఎప్పటిలాగే స్టార్ కట్టింది. గవ్వలు చేసింది, చాప పరిచింది, ఫ్లాస్కులో టీ పోసింది. గేటు దగ్గర చిన్న స్టూలు వేసుకుని కూర్చుంది. మలుపు దగ్గర డప్పు వినబడగానే లేచి నిలబడి కొంగు సర్దుకుంది. బండి మలుపు తిరిగింది. పాట ఆగింది. మా ఇంటి మీద స్టార్ దగదగా వెలుగుతుంటే, బండి చప్పుడు లేకుండా మా గేటు ముందు నుంచి మెల్లగా దాటిపోయింది. రెండిళ్ల అవతల మళ్లీ డప్పు మొదలైంది.

 అది చావు ఇంటి ముందు నుంచి పోయే పద్ధతి. బతికున్న మనిషి గేటులో నిలబడి ఉండగా ఆ మర్యాద చేసి పోయారు.

"పిల్లల గొంతులు ఆరినయేమో" అంది అమ్మ. గవ్వల ప్లేటు తీసుకుని లోపలికొచ్చింది.

మూడు క్రిస్మస్‌లు అలాగే గడిచాయి. ప్రతిసారీ స్టార్ ఎక్కింది, ప్రతిసారీ గవ్వలు వేగాయి, ప్రతిసారీ మా గేటు ముందు పాట ఆగింది. ఇక చాలించమ్మా అని నేను అరిచేదాన్ని. ఒక్కసారి మన గేట్ల పాట పాడితే చాలు బిడ్డా, నాకింకేం వద్దు అనేది. ఆమె అడిగింది అంతే. ఒక్క పాట.

తర్వాతి వానాకాలంలో అమ్మకు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. నేను పనిచేసే చోటే ఉంచాను, నా చేతులతోనే చూసుకున్నాను, దక్కలేదు. సమాధికి చోటు అడగడానికి ప్రేమ్, దేవదానం సార్ దగ్గరికి వెళ్లాడు. క్రమశిక్షణ కింద ఉన్నవాళ్లకు చర్చి సమాధుల్లో చోటు ఇచ్చే ఆనవాయితీ లేదన్నారు. కమిటీ కూర్చోవాలి, మాట్లాడాలి అన్నారు. శవాన్ని ఇంట్లో పెట్టుకుని కమిటీ కోసం ఎవరు కూర్చుంటారు? ఆ మాట విన్న రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అమ్మ పుట్టిన ఊరు నెక్కొండ అవతల. మా మేనమామ తన చేను గట్టున చోటు చూపించాడు. కుండపోత వానలో పాతిపెట్టాం. శిలువ చేయించే టైము కూడా లేదు. అప్పుడు రజిత మా ఇంటి నుంచి గోనెసంచిలో చుట్టి తెచ్చిన స్టార్ బయటికి తీసింది. అత్తమ్మకు ఇదంటేనే పాణం అని, ఒక కర్ర పాతి దానికి కట్టింది. ఏ అమ్మాయి వల్ల మమ్మల్ని వెలేశారో, చివరికి మా అమ్మ తల దగ్గర ఒక గుర్తు పెట్టింది ఆ అమ్మాయే.

పోయినవాళ్ల జ్ఞాపకార్థం చేసే ఆదరణ కూడికకు మళ్లీ అక్కడికి వెళ్లేసరికి స్టార్ కాగితమంతా వానకు కరిగిపోయింది. నాలుగు బద్దలు, వెలిసిపోయిన సాటిన్ ముక్క మిగిలాయి. మామ శిలువ పాతించాడు. ఆ మిగిలినవన్నీ గడ్డి మంటలో నేనే వేశాను. కాలిపోయేదాకా పక్కనే నిలబడ్డాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ స్టార్ ఈ లోకంలో లేదు. ఆ సంగతి ఇంకొకరు చెబితే విన్నది కాదు, నా కళ్లతో చూసింది.

అదే ఏడాది ఆగమన కాలం వచ్చింది. కొత్త స్టార్ కొందామా వదినా అని రజిత మెల్లగా అడిగింది. చావైన ఇల్లు, పైగా ఎవరి కోసం కట్టాలి అని ఆమె మీద కసురుకున్నాను. ప్రేమ్ అంతకుముందే డాబా మీది హోల్డరూ వైరూ పీకేసి ఇంకో పనికి వాడుకున్నాడు. కోతుల బాధకు డాబా తలుపుకు ఎప్పుడూ తాళమే. తాళంచెవి నా పర్సులో ఉంటుంది.

నాలుగో ఆదివారానికి ముందు రోజు. ట్రాన్స్‌ఫార్మర్ పాడై మధ్యాహ్నం నుంచీ మా వాడకు కరెంటు లేదు. ప్రేమ్ ఏదో ఫంక్షన్ హాల్లో లైటింగ్ పనికి వెళ్లాడు. అప్పుడే చీకటి పడుతోంది. నేను వరండాలో కూర్చుని ఉన్న వెలుతురులో బట్టలు మడతపెడుతున్నా. మలుపు దగ్గర డప్పు వినబడింది. ఇప్పుడు ఆగుతుందిలే అనుకున్నా. ఈసారైతే ఆగడం న్యాయమే, నిజంగానే చావు ఇల్లు.

పాట ఆగలేదు. పైగా దగ్గరికొచ్చింది. బండి మా గేటు ముందే నిలబడింది. గిటారు, తాళాలు, పిల్లలు, ఆడవాళ్లు, అందరూ దిగారు. గేటు తీసుకుని లోపలికొచ్చేశారు.

ముందున్నది కొత్త పాస్టరుగారు. అమ్మ పోయాక బదిలీ మీద వచ్చినాయన. మా ఇంట్లోవాళ్ల ముఖాలు కూడా ఆయనకు సరిగా తెలియవు.

"వందనాలమ్మా. స్టార్ చూసి ఆగినం" అన్నాడు.

"ఏ స్టార్?"

"మీ డాబా మీద..." అంటూ తల పైకెత్తాడు.  నేనూ వాకిట్లోకి దిగాను, అందరం పైకి చూశాం. చీకటి డాబా, నీళ్ల ట్యాంకు, అంతే.

నాకు తల తిరిగిపోయింది. భయంతో కాదు, కోపంతో. "మా ఇంట్ల చావైంది అయ్యగారూ. మేం స్టార్ కట్టలేదు. కరెంటే లేదు. మా ఏడుపు చూసి నవ్వనీకి వచ్చిన్రా?" అన్నాను.

పాస్టరుగారి భార్య ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. "లేదక్కా, ఒట్టు. మలుపుల నుంచే కనబడ్డది. వాడంత చీకటుంటే మీ ఒక్క ఇంటి మీదనే వెలుగుతాంది. ఒక రెక్కకు గులాబీ రంగు గుడ్డ పెట్టి కుట్టిన్రు గద? ఎంత సక్కగ కుట్టిన్రో అని ఈయనతోని అన్న కూడా" అంది.

నేను మళ్లీ తలెత్తి డాబా వైపు చూశాను. ఆ గుడ్డను మంటలో వేసింది నేనే. 

అప్పుడు గేటు దగ్గర ఎవరో మెట్టు మీద కూలబడ్డ చప్పుడైంది. దేవదానం సార్. బండి ముందు సీటులో వచ్చాడట, నేను చూడలేదు.

"అది మా గ్రేస్ ఫ్రాకు ముక్క" అన్నాడు. "బండిని నేనే ఆపమన్న. స్టార్ కనబడంగనే, అక్క చూస్తాంటది, ఇయాల్లన్న ఆగుదాం అనుకున్న. అక్క పోయిందన్న సంగతి... నాకు యాదికే రాలే."

"మంచిగున్నది సార్. ఉన్నన్ని రోజులు పోయిందనుకున్నరు. పోయినంక ఉన్నదనుకున్నరా?" అన్నాను.

 ముసలాయన, చేతిలో పాటల పుస్తకం పట్టుకుని తల వంచుకున్నాడు. ఆ క్షణంలో నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. పొండి, మా గేటు దాటి పొండి అందామని నోరు తెరిచాను.

ఈలోగా రజిత వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో అమ్మ స్టూలు, ఒక చేతిలో గవ్వల డబ్బా. అమ్మ నేర్పిన గవ్వలు. నాకు తెలియకుండా నేను డ్యూటీలో ఉన్నప్పుడు చేసి దాచిందట. స్టూలు తీసుకెళ్లి గేటు దగ్గర అమ్మ వేసుకునే చోటే వేసింది.

"పాడనియ్యి వదినా. అత్తమ్మ అడిగింది గిదొక్కటే" అంది.

నేను వరండాలోకి వెనక్కి జరిగాను. వాళ్లు సెల్‌ఫోన్ల వెలుగులో నిలబడి పాడారు. మొదట్లో గొంతులు సరిగా లేవలేదు. తర్వాత లేచాయి. ఖాళీ స్టూలు ముందు, ఏ చరణమూ వదలకుండా పాడారు. మూడేళ్లు అమ్మ చెవులు రిక్కించుకుని కూర్చున్న పాట అది. నేను వరండా స్తంభానికి ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. సంతోషానికి కాదు. ఇంత సులువైన పనా ఇది? ఒక బండి ఆపడం, ఒక పాట పాడటం. దీనికోసమా ఆమెను అట్లా నిలబెట్టారు?

వాళ్లు వెళ్లిన వెంటనే టార్చి పట్టుకుని డాబా ఎక్కాను. తాళం వేసినట్టే ఉంది. పైన ఏమీ లేదు. చుట్టుపక్కల ఏ ఇంటి మీదా స్టార్ లేదు. ప్రేమ్ వచ్చాక తనూ చూశాడు. వైరే లేని చోట బల్బెట్లా వెలుగుతుంది అక్కా అన్నాడు.

నా బుర్రకు తోచిన కారణాలన్నీ వెతికాను. దేవదానం సార్‌కు మనసులో తప్పు చేసిన బాధ ఉంది, ఉన్నట్టు అనిపించి ఉంటుంది, సరే. మరి బండి నిండా ఉన్నవాళ్ల సంగతేమిటి? ఆయనే ఆ ముక్క గురించి చెప్పి ఉంటాడేమోనని పాస్టరుగారి భార్యను విడిగా అడిగాను. ఎవరూ చెప్పలేదంది. ఆమె వరంగల్ వచ్చేనాటికే ఆ స్టార్ బూడిద. ఇంకొందరిని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కోలా చెబితే బాగుండేది. అందరూ అదే చెప్పారు.

జనవరిలో కమిటీ కూర్చుని మా కుటుంబం మీద క్రమశిక్షణ ఎత్తేసింది. మట్టిలో ఉన్న మనిషికి శిక్ష తీసేశారు, ఎంత దయ! చర్చి సమాధుల దగ్గర అమ్మ పేరుతో ఒక రాయి పెడతామన్నారు. వద్దన్నాను. ఆమె చేను గట్టున బాగానే ఉంది, ఆ చేను ఎవరినీ వెలేయలేదు. రజిత మాత్రం ఆదివారాలు చర్చికి వెళ్తోంది. ఇప్పటికీ చివరి వరసలోనే కూర్చుంటుంది. బాప్తిస్మం గురించి ఎవరూ అడగరు, ఆమె కూడా ఏమీ అనదు.

ఆ తర్వాత కూడా మేము స్టార్ కట్టలేదు. నేను కట్టనివ్వలేదు. అయినా ప్రతి డిసెంబర్‌లో బండి మా గేటు ముందు ఆగుతోంది. ఏం చూసి ఆగారని మేము అడగం, వాళ్లు చెప్పరు. పాడి, గవ్వలు తిని వెళ్తారు. నిరుడు సార్ చేతికర్రతో వచ్చాడు. స్టూలు వైపు చూసి దండం పెట్టాడు.

మొన్న డిసెంబర్‌లో నేను ఉండబట్టలేక మలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. బండి వచ్చింది. పాస్టరుగారి భార్య తల ఎత్తి మా ఇంటి వైపు చూసింది. ఆమె ముఖం మారడం నేను చూశాను. ఆమె చూపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడికే నేనూ చూశాను. నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెనా, ఆకాశం. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఏమీ లేదు.

అమ్మ కాళ్లు పిసికింది నేను. చివరి గుక్క నీళ్లు పోసింది నేను. ఆమె కోసం వీళ్లందరితో పోట్లాడింది నేను. ఆమెను గేటులో నిలబెట్టి దాటిపోయినవాళ్లకు కనబడుతున్నది నాకెందుకు కనబడదు?

ఇంటికొచ్చి ఆ మాటే అని ఏడిస్తే రజిత నా తల నిమిరింది. "స్టార్ బయటోళ్లను పిలవనీకి కద వదినా. నువ్వు ఇంట్లనే ఉంటివి, నిన్నెందుకు పిలుస్తది?" అంది.

మాట బాగానే ఉంది. కానీ నాకు అది చాలదు. నేను దయ్యాలను నమ్మను, ఇప్పటికీ నమ్మను, జరిగినదానికి కారణం ఇదీ అని చెప్పలేను కూడా. నాకు మా అమ్మ కుట్టు ఒక్కసారి చూడాలని ఉంది. ఈ డిసెంబర్‌లో కూడా మలుపు దాకా వెళ్తాను.